గైడులో లేని పశ్చాత్తాపం

నేను ఒక గైడును. పుస్తకమని పిలిచి పుస్తకాల పరువు తీయకండి. నన్ను రాసినాయన మరో రెండు గైడుల్లోంచి ఎత్తి రాశాడు. నా ముప్పై ఏడో పేజీలో ఇంగ్లీషులో ఇష్టాలు, కోరికలు, పశ్చాత్తాపాలు ఎలా చెప్పుకోవాలో ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో వాక్యం. మనిషి జన్మకి అంతే చాలని ఆయన నమ్మకం కాబోలు.

మొదట నన్ను కొన్నవాడు పోటీ పరీక్షలకు చదివేవాడు. ముఖ్యమైన వాక్యాల కింద గీత గీద్దామని కూర్చుని అన్నిటి కిందా గీశాడు. ఇక ముఖ్యమైనదేదో తెలియక పాత పుస్తకాల బండికి అమ్మేశాడు. అక్కణ్ణించి ఒంగోలులో మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు నడిపే పిచ్చేశ్వరరావు మాస్టారి చేతిలో పడ్డాను. ఆయనకి ఇంగ్లీషు సరిగ్గా నాకు వచ్చినంతే వచ్చు, నా అచ్చుతప్పులతో సహా.

ఆ సెంటరులో ఒక ఆచారం ఉంది. ఆఖరి రోజున ఒక్కొక్కరూ లేచి, బల్ల మీదున్న నా మీద ప్రమాణం చేస్తున్నట్టు చెయ్యి వేసి, ఒక ఇష్టం, ఒక కోరిక, ఒక పశ్చాత్తాపం ఇంగ్లీషులో చెప్పాలి. చెబితే సర్టిఫికెట్టు. అందరికీ కాఫీ కంటే టీయే ఇష్టం. అందరికీ పక్షి కావాలని కోరిక. అందరూ బాగా చదవనందుకు పశ్చాత్తాపపడేవాళ్ళే. ముప్పై మంది వరసగా పక్షులైపోతుంటే మాస్టారు కళ్ళు మూసుకుని తలూపేవాడు. ఎగిరినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఒక బ్యాచిలో మస్తానమ్మ అనే ఆయా చేరింది. నర్సింగ్ హోములో పద్దెనిమిదేళ్ళు నేల తుడిచి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. సర్టిఫికెట్టు తెస్తే రిసెప్షన్ కుర్చీలో కూర్చోబెడతానని డాక్టరమ్మ మాటిచ్చింది. ఆ కుర్చీ కోసం మూడు నెలలు ఆగి ఆగి ఆ మెట్లెక్కింది. ఆఖరి రోజున ఫినాయిలు వాసన వేసే చెయ్యి నా మీద పెట్టింది. పిచ్చి తల్లి, నిజం చెప్పాలనుకుంది! నిలబడడం కంటే కూర్చోవడం ఇష్టమంది. నొప్పి లేకుండా ఒక్కరోజు నడవాలని కోరికంది. మూడోది పశ్చాత్తాపం. కన్నతల్లి పోయిన పూట తాను ఆస్పత్రిలో ఎవరి తల్లికో దుప్పటి మారుస్తోందట.

"ఐ షుడ్ హావ్ గాన్ హోమ్ దట్ డే," అంది. ఆ రోజు నేను ఇంటికి పోవాల్సింది.

నా నాలుగు వందల పేజీల్లో అంత నిజమైన వాక్యం ఒక్కటీ లేదు. నాకు సిగ్గేసింది.

మాస్టారు నన్ను తిరగేసి చూశాడు. "గైడులో అట్టా లేదమ్మా. తప్పు," అన్నాడు.

"జరిగింది తప్పెట్టా అయిద్ది సార్?"

నా దగ్గర లేని జవాబు ఆయన దగ్గర మాత్రం ఎక్కడుంటుంది? సర్టిఫికెట్టు ఇవ్వలేదు. ఆమె ముప్పై ఏడో పేజీ జిరాక్సు తీయించుకుని మెట్లు దిగిపోయింది.

అందరూ వెళ్ళాక మాస్టారు ఆ వాక్యాన్ని నా మార్జినులో పెన్సిలుతో రాసుకున్నాడు. ఈయనకీ అలాంటి రోజు ఒకటుందేమోనని జాలిపడబోయాను. నా మతి మండ! మర్నాడే బోర్డు మీద రాసి కొత్త బ్యాచి చేత వల్లె వేయించాడు. నలభై మంది ఆవలిస్తూ, గోళ్ళు కొరుకుతూ, ఆ రోజు ఇంటికి పోవాల్సిందని అరిచారు. అందరికీ సర్టిఫికెట్లు ఖాయమన్నాడు.

మూడు నెలలకి మస్తానమ్మ నేరుగా ఆ బ్యాచి ఆఖరి రోజునే వచ్చింది. జిరాక్సు కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది. నా మీద చెయ్యి వేసి టీ ఇష్టమంది, పక్షి కావాలంది, బాగా చదవాల్సిందంది. అక్షరం పొల్లుపోలేదు.

మాస్టారు నొచ్చుకున్నాడు. "చివరిది పాతదమ్మా. ఇప్పుడు ఇది చెప్పాలి," అంటూ పెన్సిలు రాత మీద వేలు పెట్టాడు.

అది ఆమె మాటే. కానీ కుర్చీ కావాలి. మెల్లగా చదివింది.

"ఇంకొంచెం ఫీలింగుతో," అన్నాడు మాస్టారు.

మస్తానమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి మాత్రం నా మీంచి చెయ్యి తీసేసింది.