ఆవిరి గది

"తల మళ్ళీ రుద్దుకుంటున్నావా? ఇందాకే కదా పోసుకున్నావు!" అంది అత్తయ్య బాత్రూమ్ తలుపు అవతలి నుంచి.

ఎంత రుద్దినా పెట్రోలు వాసన పోవడం లేదు.

నేను పనిచేసే లేబొరేటరీలో కడుపుతో ఉన్న ఎలుకల చేత పెట్రోలు ఆవిరి పీల్పిస్తాం. గాజు తలుపున్న పెద్ద పెట్టెలో వాటిని ఉంచి, కొలత ప్రకారం ఆవిరి కలిపిన గాలిని లోపలికి పంపుతాం. అవి పిల్లలు పెట్టాక ఆ పిల్లల బరువు తూస్తాం. అవి నడిచే తీరు, బెదిరే తీరు చూస్తాం. పెట్టె తలుపుకున్న రబ్బరు అరిగిపోయింది. ఆవిరి సన్నగా గదిలోకి వస్తుంది. ఆ వాసన నా జుట్టు పట్టుకుని, నాతోపాటే బస్సెక్కి ఇంటికి వస్తుంది. "బంకు వచ్చేసిందిరోయ్!" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. మొన్నటిదాకా నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నాకు నెల తప్పింది.

"మూడో నెల దాకా బయట ఎవరి దగ్గరా నోరు విప్పకు. కిందటిసారి ఊరంతా చెప్పుకుని ఏం బావుకున్నావు?" అన్నారు ఆయన, షర్టు గుండీలు పెట్టుకుంటూ. ఆ బిడ్డ నేను చెప్పడం వల్లే పోయినట్టు. బిడ్డ పోయినప్పుడు అత్తయ్య కూడా, "మేం నెలలు నిండేదాకా బిందెలు మోశాం. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికే కడుపు నిలవకపోతే ఎలాగమ్మా?" అంది. తప్పు నా ఒంటిదేనని ఇద్దరూ తేల్చేశారు. నేనూ నమ్మాను. కానీ ఇప్పుడు గిన్నెలు తోముతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఒకటే ఆలోచన. అప్పుడు కూడా నేను ఆ గదిలోనే ఉన్నాను కదా. ఎలుకలకి మొదటి రోజుల నుంచే ఆవిరి పెడతాం, లోపల పిల్లకి గుండె, మెదడు తయారయ్యేది అప్పుడే కాబట్టి. సరిగ్గా ఆ రోజుల్లోనే నన్ను నోరు మూసుకోమంటున్నారు. ఎలుకలకి ఏమీ తెలియదు, హాయిగా ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి. నాకు సగమే తెలుసు. మిగతా సగాన్ని నా భయం పూరిస్తోంది. ఏ బోను తెరిచినా, ఎర్రటి, కళ్ళు విప్పని పిల్లల్ని చూస్తే నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోతోంది.

మా ఆయనకి చెప్పకుండానే మా సార్ గదికి వెళ్ళాను. అన్నింటికీ 'డేటా ఏమంటోంది?' అని అడుగుతారని ఆయన్ని మేం డేటా సార్ అంటాం. విషయం చెప్పగానే, "ఇప్పుడా?" అన్నారు. తర్వాత తమాయించుకుని, "మంచిదమ్మా, సంతోషం," అన్నారు.

"రబ్బరు మార్చమని అడిగి చాలా రోజులైంది సార్. మాస్కు కూడా మగవాళ్ళ మొహానికి చేసింది. నాకు జారిపోతోంది."

"ఆర్డరు పెట్టాం కదా. అయినా భయపడాల్సినంత ఏదీ మన డేటాలో తేలలేదు."

"ఏమీ లేదని కూడా తేలలేదు కదా సార్. తేలితే మనం ఇంకా ఎందుకు చూస్తున్నాం?"

"ఎలుకలు పీల్చే మోతాదు వేరు. నీకు తగిలేది ఉత్త వాసనే."

"గదిలో ఎంత ఉందో ఎవరైనా కొలిచారా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, నువ్వు మైక్రోస్కోపు దగ్గర స్లైడ్లు చూసుకో. రేపట్నుంచి ఆవిరి గది పని మొన్న చేరిన కొత్తమ్మాయి చూస్తుంది. ఆడవాళ్ళని పెట్టుకుంటే ఇదే ఇబ్బంది," అన్నారు. ఇంకోసారైతే ఆ మాట గుచ్చుకునేది. ఆ రోజు గుచ్చుకోలేదు. బతికిపోయాననుకున్నాను. కొత్తమ్మాయి సంగతి నాకు తట్టనే లేదు.

మర్నాడు కొత్తమ్మాయికి పని నేర్పడానికి గదిలోకి తీసుకెళ్ళాను. ఈ మధ్యే పెళ్ళయిన పిల్ల. పెట్టె అప్పటికే నడుస్తోంది. ఆవిరిది ఏ వాల్వు, మామూలు గాలిది ఏది, చూపించాను. మాస్కు పట్టీ ఎంత బిగించినా ఆమె చెంపల దగ్గర సందు ఉండిపోయింది. అది సర్దుతుంటే గోడకి చేరగిలబడింది.

"తల తిరుగుతోందక్కా."

"ఈ వాసనకేనా?"

"కాదక్కా, రెండు మూడు రోజులుగా ఇంతే." గొంతు తగ్గించింది. "నెల తప్పింది. సార్‌కి చెప్పకక్కా, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు."

నేను తప్పించుకున్న చోట ఈ పిల్లని నా చేతులతో నిలబెట్టాను. ఆవిరి వాల్వు కట్టేశాను. గాలి మాత్రం పెట్టెలోకి పోనిచ్చాను. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, తలుపు వేసి తాళం పెట్టాను.

తన గదిలోని మీటరులో ఆవిరి కొలత పడిపోవడం చూసి సార్ పరుగున వచ్చారు. "ఎవరు ఆపమన్నారు? ఇన్నాళ్ళ ప్రయోగం బూడిదలో పోశావు!"

"నేనే ఆపాను సార్. రబ్బరు మార్చండి, గదిలో గాలి కొలిపించండి. అప్పటిదాకా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

"పైవాళ్ళకి నువ్వే చెప్పుకో," అని సార్ విసురుగా వెళ్ళిపోయారు. మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మాస్కు గుర్తులు ఆమె బుగ్గల మీద ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"అక్కా, లోపల బిడ్డకేం కాదు కదా?"

ఏం కాదనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలియదమ్మా," అన్నాను. "తెలిసేదాకా మాత్రం ఆ గదిలోకి నువ్వూ వెళ్ళవు, నేనూ వెళ్ళను, ఇంకో ఆడపిల్లనీ వెళ్ళనివ్వను."