తెల్లమచ్చల తీగ

చార్మినార్ చూస్తానని వచ్చిన మా వదిన కారు దిగినప్పటి నుంచి ముక్కు మీద కొంగు తీయలేదు. పేరు లక్ష్మీకాంతమ్మ. మా ఆయనకు సొంత అక్క. పుట్టిందీ పెరిగిందీ మా లాల్‌దర్వాజా గల్లీలోనే. కొంపల్లిలో విల్లా కట్టుకున్నాక ఇక్కడి గాలి పడడం లేదట. ఎంత చోద్యమో చూడండి.

"ఎట్ల ఉంటున్నరు విమలా, ఈ కంపుల?" అని నన్నడుగుతూనే లాడ్‌బజార్‌లో గాజులకు గీచి గీచి బేరమాడింది. ఆమె కూతురు మనస్విని మీనార్ల కింద ఫొటోలు దిగి, తిన్న ఐస్‌క్రీమ్ కప్పు అక్కడే పడేసి, "ఛీ, ఎంత చెత్తనో" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన కైలాసం మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. అక్క ఏమన్నా ఆయనకు నవ్వే వస్తుంది.

పోతూ పోతూ నాలుగు మొక్కలు కొనుక్కుంటానంటే ఉప్పుగూడ దగ్గరి నర్సరీకి తీసుకెళ్లాను. అక్కడ నీళ్లు పట్టే ఆగమ్మ మా వెనకింట్లో అద్దెకుంటుంది. ఆమె మొగుడు మంచాన పడ్డాక ఓనర్ జగదీశ్వర్‌ను బతిమాలి ఆ పని ఇప్పించింది నేనే. ఈ మధ్య అక్కడ మొక్కలు మాయమవుతున్నాయి. ఇంకొక్కటి పోతే నిన్ను తీసేస్తానని అతను బెదిరించాడట. పొద్దున్నే నా దగ్గరకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది పాపం.

గేటు పక్కన తెల్లమచ్చల మనీప్లాంట్ ఒకటి వేలాడుతోంది. వదిన కన్ను దాని మీద పడింది.

"అది అమ్మేది కాదమ్మా. దాని నుంచి ఇంకా మొక్కలు చేసుకోవాలె" అన్నాడు జగదీశ్వర్.

వదిన సరేనని గులాబీలు, మందారాలు ఏరింది. అవి కారెక్కుతుంటే నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె చేతిసంచి జిప్పు లాగుతోంది. జిప్పులో ఒక ఆకు ఇరుక్కుని ఉంది, తెల్లమచ్చలది. మా ఆయన కూడా చూశాడు. చూసి నా చెయ్యి నొక్కి పట్టాడు.

"ఊకో విమలా. అక్క ఇజ్జత్ పోతది."

అంతలో జగదీశ్వర్ కేక వినిపించింది. తీగ తెగిన చోటు ఇంకా తడిగానే ఉంది. అతను ఇంకెవరి వైపూ చూడలేదు. నేరుగా పోయి ఆగమ్మ సంచి లాక్కుని నేల మీద కుమ్మరించాడు. టిఫిన్ డబ్బా మూత ఊడి అన్నం మట్టిలో పడింది. మొగుడి మందుల పట్టీలు చెల్లాచెదురయ్యాయి.

"నేను తియ్యలే అన్నా. నా పిల్లల మీద ఒట్టు" అంది ఆగమ్మ.

"నువ్వు గాకపోతే ఎవరు తీసిన్రు? నడువు ఇంక. రేపటి నుంచి రాకు."

వదిన ఇప్పుడైనా నోరు విప్పుతుందనుకున్నాను. విప్పింది.

"గిట్లాంటోళ్లను పెట్టుకుంటే అంతే అన్నా. కెమెరాలు పెట్టించుండ్రి."

థూ, అదీ ఒక నోరేనా. నేను మా ఆయన చెయ్యి విదిలించుకుని పోయి వదిన సంచి జిప్పు తీసి, తీగ బయటికి లాగాను.

"ఇదేంది వదినా?"

సిగ్గుపడుతుందేమోనని చూశాను. పకపకా నవ్వింది.

"కొన్న మనీప్లాంట్ పారదంట గద. చెప్పకుంట తెచ్చుకుంటేనే ఇంటికి కలిసొస్తదంట. మా కాలనీల అందరం గట్లనే తెచ్చుకున్నం."

జగదీశ్వర్ తీగను చూశాడు, వదినను చూశాడు, కారు డిక్కీ నిండా ఉన్న మొక్కలను చూశాడు. అతనికీ నవ్వొచ్చింది.

"గదా సంగతి? ముందే చెప్తే నేనే అటు తిరిగి నిలబడేటోన్ని గదమ్మా."

అందరూ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. జగదీశ్వర్ తీగ మొదలుకు తడి గోనెగుడ్డ తనే చుట్టి, "ఆగమ్మా, అమ్మగారి కార్ల పెట్టు" అన్నాడు.

"ఆమెకు ఒక్క మాటన్న చెప్పవా అన్నా?" అని అడిగాను.

"ఏం చెప్పాలె? నౌకరి పోలేదు గద."

అంతే. ఆగమ్మ మట్టిచేతులు చీరకు తుడుచుకుని తీగ అందుకుంది. ఆకు నలగకుండా సీటు మీద పెట్టింది. ఆ మొహంలో కోపం వెతికాను. లేదు. పోయిందనుకున్న పని నిలిచిందన్న సంతోషమే కనబడింది. ముందు జగదీశ్వర్‌కు దండం పెట్టింది. తర్వాత కారు దగ్గరే నిలబడి మా వదినకూ పెట్టింది.

"మీ కడుపు సల్లగుండ అమ్మా" అంది.

వదిన అలాగేనన్నట్టు తలూపి, కారు అద్దం ఎక్కించుకుంది.