మేస్టారు గీసిన కుక్క

నందిగామ ఎలిమెంటరీ స్కూల్లో పంతులు వరప్రసాదరావుకి ఊహ తెలిసినప్పటినుంచి జంతువుల బొమ్మలు గీయడమంటే ప్రాణం. చిన్నప్పుడు బొగ్గుతో గోడనిండా గేదెలు గీసి తల్లిచేత దెబ్బలు తిన్నాడు. ఉద్యోగమొచ్చి పెళ్ళయినా ఆ పిచ్చి వదల్లేదు. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే పెన్సిళ్ళు సంచిలో వేసుకుని జగ్గయ్యపేట బస్సెక్కేవాడు. అక్కడ మిరపకాయల బస్తాలు దించిన బళ్ళ పక్కన ఎద్దులు నెమరేస్తూ పడుకుంటాయి. మనుషుల బొమ్మలు వెయ్యమంటే, "మనుషులు కుదురుగా కూర్చోరండీ" అని నవ్వేసేవాడు.

పంతొమ్మిదివందల యాభై ఎనిమిది వేసవిలో, చిల్లకల్లు రైతు బసవయ్య బండి కింద అతనికి ఒక కుక్క కనిపించింది. నోరు తెరుచుకునే ఉంది. కింది దవడ జారి వేలాడుతోంది. నాలుక మీదనుంచి చొంగ తీగలా కారుతోంది.

"మా కుక్కే మేస్టారూ. రెండ్రోజుల్నించీ మెతుకు ముట్టట్లా. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని పొద్దున చెయ్యి పెట్టి వెతికా, ఏం తగల్లా" అన్నాడు బసవయ్య.

వరప్రసాదరావు దగ్గరగా కూర్చుని గీయడం మొదలెట్టాడు. దవడ వేలాడే తీరు చేతికి అందక, వేళ్ళతో దాన్ని పైకెత్తి చూశాడు. కుక్క తల విదిలించింది. కోరపన్ను బొటనవేలికి గీరుకుంది. చిన్న రక్తపు చుక్క. పంచె అంచుకి తుడుచుకుని బొమ్మ పూర్తిచేశాడు. అంత బాగా కుదిరిన బొమ్మ ఈమధ్య లేదు.

ఏ బొమ్మ గీసినా ముందు పశువుల డాక్టరు జగన్నాథరావుకి చూపించడం అతని అలవాటు. మర్నాడు స్కూలు కాగానే వెళ్ళాడు. ఆయన నవ్వుతూ బొమ్మ అందుకున్నాడు. చూస్తుండగానే నవ్వు పోయింది.

"నోరు ఇట్లాగే ఉందా? మీరేమన్నా మార్చారా?"

"ఉన్నది ఉన్నట్టే వేసానండి. ఎముక ఇరుక్కుందట."

"ఎముక కాదు మేస్టారూ, పిచ్చి. పిచ్చి కుక్కలన్నీ వెంటబడి కరవవు. కొన్ని దవడ పడిపోయి ఇట్లా మూల కూర్చుంటాయి. మీరు ముట్టుకోలేదు కదా?"

వరప్రసాదరావు బొటనవేలు చాపాడు. గాటు ఎండి ఎర్రటి దారప్పోగులా ఉంది.

డాక్టరు అతన్ని నూతి దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బు పెట్టి ఆ వేలిని కడుగుతూనే ఉన్నాడు. "రేపే బెజవాడ పెద్దాసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు పొడుస్తారు. ఒక్కటి కూడా మానొద్దు. జబ్బు పైకి తేలిందంటే ఇక ఎవరూ చేసేదేం లేదు."

ఇంటికొచ్చి చెబితే భార్య కృపావతి మొహం పాలిపోయింది. ఆ వేలు పట్టుకుని చూస్తూ, "ఆ బసవయ్యగారు కుక్క నోట్లో చెయ్యే పెట్టారన్నారు గదండీ. ఆయనకెవరు చెబుతారు?" అంది.

తెల్లారి వరప్రసాదరావు బెజవాడ బస్సు వదిలేసి జగ్గయ్యపేట బస్సెక్కి చిల్లకల్లులో దిగాడు. బస్సు ముందుకెళ్ళేకొద్దీ ఆసుపత్రి వెనక్కి పోతోంది.

బసవయ్య కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. కుక్క నిన్ననే చచ్చిపోయిందట, పాతిపెట్టాడట. అంతా విని తేలిగ్గా నవ్వాడు. "పన్ను గీరుకుంటేనే పోతామా? తాయెత్తు కట్టించుకుంటాలెండి. కాయ ఇట్లా ఆరబోసి ఎక్కడికి రమ్మంటారు?"

ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి వరప్రసాదరావు ఆ మట్టిలోనే కూలబడ్డాడు. "నాకు భయంగా ఉందండీ. పొద్దున మంచినీళ్ళు తాగుతుంటే పొలమారింది. అయిపోయిందనుకున్నా. అక్కడికి ఒక్కణ్ణే పోలేను. మీకోసం కాకపోతే నాకు తోడుగా రండి."

బసవయ్య నవ్వు ఆగింది. తన చేతిని తిప్పి చూసుకున్నాడు. వేళ్ళనిండా గీతలు. ఏది పనిలో పడ్డదో, ఏది పన్ను గీరిందో తెలియలేదు. భార్యని కేకేసి చొక్కా తెమ్మన్నాడు.

బెజవాడ సత్రంలో దిగి రోజూ ఆసుపత్రికి వెళ్ళారు. పొట్టలు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఒకరోజు వరండాలో, మంచానికి కట్టేసిన మనిషిని మోసుకెళుతున్నారు. ఆయా నీళ్ళ చెంబుతో ఎదురైతే అతని మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. గొంతులోంచి వచ్చిన ఆ శబ్దం మనిషిది కాదు. బసవయ్య పంతులి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మేస్టారూ, నేను రాకపోయుంటే..."

"వచ్చారు గదండీ."

ఇంజెక్షన్లు అయిపోయినా భయం పోలేదు. నెలల తర్వాత కూడా బయటపడొచ్చని ఎవరో అన్నారు. గొంతు కాస్త బొంగురుపోతే వరప్రసాదరావుకి ముచ్చెమటలు పోసేవి. వీధిలో కుక్క మొరిగితే చేతిలో చాక్‌పీసు జారేది. పెన్సిలు ముట్టడం మానేశాడు.

మళ్ళీ మిరపకాయ కోతకొచ్చింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. ఒక ఆదివారం బసవయ్య బండి నందిగామలో అతని ఇంటిముందు ఆగింది.

"కొత్త ఎద్దుని కొన్నా. గీయండి."

"చెయ్యి వణుకుతోందండీ."

"వణకనీండి. పగ్గం నేను పట్టుకునే ఉంటా."

వరప్రసాదరావు అరుగు మీద దూరంగా కూర్చున్నాడు. ఎద్దు నాలుక చాపి ముట్టె నాక్కుంది. చొంగ కారింది. అతను చటుక్కున లేచి గోడకి ఆనుకున్నాడు. బసవయ్య పగ్గం ఇంకాస్త బిగించి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి వరప్రసాదరావు మళ్ళీ కూర్చున్నాడు.

బొమ్మ పూర్తయ్యాక బసవయ్య తొంగిచూశాడు. "మా ఎద్దు కొమ్ములు ఇంత వంకరా?"

వరప్రసాదరావు కొమ్ముల వంక మరోసారి చూసి, రబ్బరు తెమ్మని కృపావతిని కేకేశాడు.