పట్టీలు తీసిన ఏడుపు

జాగ్రత్తకు భువన పెట్టింది పేరు. ఫిల్మ్ నగర్‌లోని ఆమె ఫ్లాట్‌లో పిల్లను చూసే పనికి కుదరాలంటే ముందు ఆధార్ కార్డు చూపించాలి, ఆ తర్వాత పోలీస్ వెరిఫికేషన్, ఆపైన ఇద్దరు పాత యజమానుల ఫోన్ నంబర్లు. ఇన్ని గడపలు దాటి లోపలికి వచ్చిన మనిషి సత్యలక్ష్మి. యూసుఫ్‌గూడ నుంచి పొద్దున్నే వచ్చి, భువన ఇల్లు చేరేదాకా పదిహేను నెలల స్ఫూర్తిని చూసుకుంటుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భువన ఈశ్వరుణ్ణి నమ్ముకోలేదు, మూడు కెమెరాలు పెట్టించింది. అవీ చాలవన్నట్టు పిల్ల కాళ్లకు మువ్వల పట్టీలు తొడిగింది. కెమెరాకు కనపడని మూలకు వెళ్లినా ఆ చప్పుడు ఫోన్‌లో వినపడుతుందని ఆమె ఉపాయం. సినిమాలకు సౌండ్ ఎడిటర్ కదా, కళ్ల కంటే చెవుల మీదే నమ్మకం ఎక్కువ.

సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా మాత్రం పార్కు. ఆ గంటకు కెమెరా లేదు. పిల్లకు గాలి తగలాలని భువనే పెట్టిన నియమం అది.

ఆ వారం స్టూడియోలో ఆమెకు ఒక ఏడుపు కావాల్సి వచ్చింది. సినిమాలో తల్లి చనిపోయి పడి ఉంటుంది, పక్కన పసిబిడ్డ గుక్కపట్టి ఏడవాలి. షూటింగ్‌లో గుడ్డలో బొమ్మను చుట్టి కానిచ్చేశారు. ఏడుపు తర్వాత అతికించాలి. తన దగ్గర దాచుకున్న ఏడుపులన్నీ వినిపించి భువనే పెదవి విరిచింది.

"ఇవన్నీ వినీ వినీ అరిగిపోయాయి. నిజం ఏడుపు తెప్పించండి నర్సింహగారూ," అంది ప్రొడక్షన్ మేనేజర్‌తో.

"గదెంత పని మేడం? రేపటికల్ల తెప్పిస్త. మీరు ఫికర్ చేయకుండ్రి."

ఎవరి పిల్ల, ఎలా ఏడిపిస్తారు అని భువన అడగలేదు. పిల్లలన్నాక ఎక్కడో ఒకచోట ఏడుస్తూనే ఉంటారు, అక్కడ మైకు పెడితే సరి అనుకుంది. అలా అనుకుంటే ప్రాణానికి హాయి.

గురువారం సాయంత్రం ఏడుపు వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విని నర్సింహకు ఫోన్ చేసింది.

"బాగానే ఉంది కానీ చాలదండీ. టక్కున ఆగిపోతోంది. నాకు వెక్కిళ్లు పడాలి, ఊపిరి అందకూడదు. ఇంకొంచెం గట్టిగా కావాలి. అన్నట్టు, వెనకాల ఏవో పట్టీలు మోగుతున్నాయి. ఈసారి అవి తీయించి రికార్డ్ చేయించండి."

ఆ రాత్రి స్ఫూర్తి తొడ మీద ఎర్రటి మచ్చ కనపడింది. "పార్కులో చీమ కుట్టిందమ్మగారూ," అంది సత్యలక్ష్మి. భువన కొబ్బరినూనె రాసింది. ఫ్రిజ్ మీద అంటించిన నియమాల కాగితంలో, గడ్డిలో కూర్చోబెట్టకూడదని పదిహేడో నియమం చేర్చింది. తల్లి మనసు!

శుక్రవారం ఆరున్నరకు రెండో రికార్డింగ్ వచ్చింది. ఈసారి అద్భుతం. భువన దాన్ని నలభైసార్లు విని ఉంటుంది. వెక్కిలికీ వెక్కిలికీ మధ్య ఖాళీని కత్తిరించింది, గొంతు బొంగురుపోయిన చోట కాస్త పెంచింది. దర్శకుడు చలపతిరావు విని కళ్లు తుడుచుకున్నాడు. "ఇది ఏడుపంటే! ప్రాణం పెట్టావమ్మా," అన్నాడు. భువన పొంగిపోయి ఎనిమిదింటికల్లా ఇల్లు చేరింది.

స్ఫూర్తి సత్యలక్ష్మి ఒళ్లో పాలు తాగుతోంది. కాళ్లు బోసిగా ఉన్నాయి.

"పట్టీలేవి?"

"గుచ్చుకుంటున్నాయని తీశానమ్మగారూ. నా సంచిలో ఉన్నాయి."

భువన చేతిలోని తాళాలు కింద పడ్డాయి. పిల్ల పైజామా కిందికి లాగింది. రెండు తొడల మీదా కమిలిన గాట్లు, నిన్నటిది ఒకటి, ఇవాళ్టివి నాలుగు. గోళ్లు దిగిన గుర్తులు స్పష్టంగా ఉన్నాయి.

"నర్సింహ తీయమన్నాడా?"

ఆ పేరు వినగానే సత్యలక్ష్మి మొహం పాలిపోయింది. అన్నీ తెలిసిపోయాయనుకుంది.

"మా వీధిలో అందరినీ అడుగుతున్నాడమ్మగారూ, చంటిపిల్ల ఏడుపు కావాలి, డబ్బులిస్తానని. ఒక్కసారే కదా అని నిన్న ఒక్కటే గిల్లాను, ఒట్టు. అది సరిపోలేదంట. స్టూడియోలో ఎవరో మేడమ్‌గారు ఉన్నారంట, వెక్కిళ్లు పడాల్సిందే అన్నారంట. పట్టీలు మోగకూడదని కూడా ఆవిడే చెప్పారంట. ఒక్క గిల్లుకు వెక్కిళ్లు ఎక్కడొస్తాయమ్మా? ఆవిడ కడుపున పిల్లలు పుట్టలేదేమో మరి!"

కొట్టడానికి ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఎవరిని కొట్టాలి? భువన ఆ చేతినే పిల్ల కోసం చాచింది. స్ఫూర్తి తల్లి మొహం చూసి బెదిరిపోయింది. రెండు చేతులతో సత్యలక్ష్మి మెడ కరిచి పట్టుకుని ఒక్కసారిగా గుక్కపట్టింది.

భువన ఇంట్లో ఉండే వేళల్లో పిల్ల నిద్రపోతూనో నవ్వుతూనో ఉంటుంది. ఇలా ఏడవడం ఎన్నడూ వినలేదు. కానీ ఇప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతుందో, వెక్కిలి ఎక్కడ పడుతుందో, గొంతు ఎక్కడ బొంగురుపోతుందో ఆమెకు ముందే తెలుస్తోంది. నలభైసార్లు విన్నది కదా.

"అమ్మ దగ్గరికి రా తల్లీ," అంది.

పిల్ల ఆ మెడ వదల్లేదు.