చలిలో పడుకున్న బ్యాటరీ

తెల్లవారి ఆరింటికి రక్తనిధి నుంచి ఫోను వచ్చింది. అక్కడి రక్తాన్ని ఆసుపత్రులకు చేరవేసే కోడలు మంచం పక్కన చూస్తే, రాత్రి ఛార్జింగు చేసి పెట్టిన కరెంటు బండి బ్యాటరీ లేదు. అంతలో అత్తగారే పెరటి వరండాలోంచి దాన్ని రెండు చేతులా మోసుకొచ్చారు.

"వేడెక్కితే పేలుతుందటగా. రాత్రి చల్లగా బయట పెట్టానమ్మా," అన్నారు, పెద్ద పని చక్కబెట్టినట్టు.

బ్యాటరీ మంచుగడ్డలా ఉంది. బండికి బిగిస్తే మీటరులో మాత్రం ఛార్జింగు గీతలు నిండుగా ఉన్నాయి. వాదించే తీరిక లేదు.

రక్తనిధిలో రెండు రక్తపు సంచులున్న ఐసు పెట్టెను బండి వెనక కట్టుకుంది. గుట్ట మీది ఆసుపత్రిలో కాన్పయిన ఒకావిడకు రక్తం ఆగడం లేదు. పైపుల కోసం రోడ్డు తవ్వేశారు. అంబులెన్సు చుట్టు తిరిగి వెళ్తే గంట, ఈ బండికైతే ఇరవై నిమిషాలు.

సగం దారిలోనే మూడు గీతలు పోయాయి. ఎత్తు మొదలవగానే బండి రెండుసార్లు గునిసి ఆగిపోయింది. ఫోను మోగింది.

"ఎక్కడున్నావమ్మా?" ఆసుపత్రి సిస్టరు అడిగింది.

"గుట్ట కింద."

"డాక్టరుగారు రెండోసారి అడిగారు. తొందరగా రా."

పెట్టె మోసుకుని నడిస్తే ముప్పావు గంట. చలికి సత్తువ పోయిన బ్యాటరీ వెచ్చబడితే కాస్త తేరుకుంటుందని ఆమెకు తెలుసు. మలుపులో ఇస్త్రీ షాపు షట్టరు సగం లేచి ఉంది. ఆమె బ్యాటరీ ఊడదీసి లోపలికి దూరింది.

"బాబాయ్, ఇప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పట్లున్నాయా? దీనికి చుట్టాలి."

"ఏం, దానికి జ్వరమా?"

"జ్వరం రావాలనే."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఒక దుప్పటి చల్లారగానే ఇంకొకటి చుట్టాడు. రక్తం పెట్టెను ఆమె గుమ్మం బయటే ఉంచింది. దానికి వేడి తగలకూడదు, దీనికి చలి తగలకూడదు. మధ్యలో ఆమె ముళ్ళ మీద ఉన్నట్టు నిలబడింది. నడిచినా ఈపాటికి కొంత దూరం పోయేదాన్నే అనిపించింది.

"చాలేమో," అన్నాడతను, పది నిమిషాలకు.

"ఇంకొక్క దుప్పటి, బాబాయ్."

ఆ ఆఖరి దుప్పటి చుట్టి ఉండగానే బ్యాటరీ బిగిస్తే రెండు గీతలు వెలిగాయి. లైటు ఆర్పేసి, వేగం పెంచకుండా, ఊపిరి బిగబట్టి ఎక్కించింది. ఆఖరి మలుపులో మిగిలిన ఒక్క గీత మిణుకుమంది. ఆసుపత్రి గేటు దాటాక ఆరిపోయింది. సిస్టరు పెట్టె లాక్కుని లోపలికి పరుగెత్తింది.

ఆ లోపలి గది తలుపు మళ్ళీ తెరుచుకోవడానికి గంట పట్టింది.

"రక్తం ఆగింది," అంది సిస్టరు, చెమట తుడుచుకుంటూ. "కళ్ళు తెరిచి, బిడ్డ ఏడ్చాడా అని అడిగింది."

కోడలు బండిలోంచి తీసిన బ్యాటరీని దుప్పటితో సహా ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూలబడింది. అత్తగారి ఫోను వచ్చింది.

"బండి బాగా నడిచిందా?"

"నడిపించాను అత్తయ్యా. ఇవాళ్టి నుంచి అది మీ గదిలోనే పడుకుంటుంది."

"అమ్మో, నా గదిలోనా?"

"గురక పెట్టదులెండి," అని ఆమె ఒళ్ళోని బ్యాటరీ మీదికి ఇస్త్రీ దుప్పటి ఇంకాస్త లాగింది.