చూపు నేర్పిన చేతులు

బసవమ్మ టిక్కీ బస్తా మూతికుట్టు విప్పి ఎండుమిరపకాయల్ని బెల్టు మీదికి గుమ్మరించింది. కాయలు వరసగా కెమెరా కిందికి వెళ్లాయి. తెల్లబారిన తాలుకాయ వచ్చినప్పుడల్లా యంత్రం గొట్టంలోంచి బుస్సుమని గాలి కొట్టి దాన్ని పక్క తొట్టిలోకి తోసేస్తోంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ ఆమె భుజాలు కాస్త ముడుచుకుంటాయి. బెల్టు పక్కన ఆమె కోసం ఓ కుర్చీ వేశారు. నడుం ఆనించి అందులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

బక్కపల్చటి మనిషి. కారానికి వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి, రేషన్ డీలరు దగ్గర వేలిముద్ర పడదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసింది, తాలు ఏరింది. తర్వాత తనతో ఏరే ఆడవాళ్లకే మేస్త్రీ అయింది.

అలాంటి ఒక స్టోరేజీ వెనక ఖాళీ షెడ్డులోనే చైతన్యకృష్ణ ఈ కంపెనీ పెట్టాడు. ప్రత్తిపాడు వైపు మిరప రైతు కొడుకు. మొదట్లో యంత్రానికి మంచికాయేదో తాలేదో తెలియదు. బసవమ్మ తన ముఠాను తీసుకొచ్చింది. సీజనంతా వాళ్లు కెమెరా ముందు కాయలు ఏరి చూపించారు. యంత్రం వస్తే ఎండలో దగ్గుతూ కూర్చునే బాధ తప్పుతుందని వాళ్లకు నచ్చజెప్పింది ఆమే. బాధతోపాటు పనీ పోయింది. ముఠాలో కంపెనీ జీతం మీద మిగిలింది బసవమ్మ ఒక్కతే.

పక్కింటి రెబ్కా చిన్నప్పటి నుంచీ ఆమె పక్కన కూర్చుని ఏరిన మనిషి. నిన్న గుమ్మం దగ్గర నిలబడి, ఊడ్చే పనైనా సరే, కంపెనీలో ఒక్క మాట అడగమంది. చాలాసార్లు అడిగిన మాటే. బసవమ్మ ఎప్పటిలాగే రేపు అడుగుతానంది. ఒకరి కోసం అడిగితే అందరూ వస్తారని, అప్పుడు తన కుర్చీ కూడా ఉండదని ఆమె భయం.

పదిగంటల ప్రాంతంలో పెట్టుబడి పెట్టేవాళ్లు కారులో వచ్చారు. బెంగళూరు వదిలి గుంటూరులో ఎందుకు పెట్టారని అడిగారు.

“అక్కడ కాయ ఏదండీ? ఇక్కడ మిర్చి యార్డు పక్కనే ఉంది. బెల్టు తెగితే మధ్యాహ్నానికల్లా ఆటోనగర్‌లో అతికించి ఇస్తారు. మా కాలేజీ పిల్లలు పనికొస్తారు. అన్నిటికీ మించి, బసవమ్మ గారి వాళ్లు లేకపోతే మా యంత్రానికి చూపే లేదు” అన్నాడు చైతన్యకృష్ణ.

వచ్చినవాళ్లలో తెల్లజుట్టు ఆవిడ ఆమె వైపు తిరిగింది. “వాళ్లంతా ఇప్పుడు ఏం చేస్తున్నారమ్మా?”

బెల్టు ఆగి ఉంది. అందరూ తన నోటి వంకే చూస్తున్నారు.

“బాగానే ఉన్నారండి. పనులకు వెళ్తున్నారు.”

చైతన్యకృష్ణ తల వంచుకుని చెప్పుతో ఒక తొడిమను పక్కకు నెట్టాడు. ఆవిడ సంతోషంగా తలూపింది.

మధ్యాహ్నం బసవమ్మ అన్నం గిన్నె మూత తీయలేదు. కారు వెళ్లిపోయాక అతని బల్ల దగ్గరికి వెళ్లి, రెబ్కా సంగతి గబగబా చెప్పేసింది. అతను తలెత్తాడు.

“ముందే చెప్పొచ్చు కదమ్మా. ప్యాకింగులో మనిషి కావాలి. రేపట్నించి రమ్మనండి.”

ఇంత తేలికా అనుకుంది.

సాయంత్రం ఆటో దిగి నేరుగా రెబ్కా ఇంటికి వెళ్లింది. తలుపుకు తాళం. ఎదురింటి అమీర్‌బీ, రెబ్కా వాళ్లు తుళ్లూరులో కాంక్రీటు పనికని ఇందాకే లారీ ఎక్కారని చెప్పింది. బసవమ్మ అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల గాలి హోరు.

“రెబ్కా, అడిగానే. రమ్మన్నారు. రేపే.”



“తాడికొండ దాటామక్కా. మన ముఠా అంతా ఒకే బండిలో ఉన్నాం. నేనొక్కదాన్నే వెనక్కొచ్చి అక్కడ కూర్చుంటే, వీళ్ల మొహాలు ఎట్టా చూసేది?”

మాటలో కోపం లేదు. వేళకి అన్నం తినమని కూడా చెప్పి ఫోన్ పెట్టేసింది.

వాకిట్లో తీగ మీద, మిరప ఏరేటప్పుడు రెబ్కా ముక్కుకు కట్టుకునే తువ్వాలు వేలాడుతోంది; తీయడం మరిచిపోయినట్టుంది. ఉతికి, గట్టిగా పిండి ఆరేసినా, దాని మడతల్లో మిరప ఎరుపు ఇంకా పోలేదు.