ఎండిన ఎముకల పఠనం

ఆమెను చర్చిలో అందరూ రేడియో అక్క అనేవారు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. దుకాణం తెరిచే ముందు ఉదయం పూజకు వెళ్లి, పీఠం ఎక్కి ఆ రోజు బైబిలు మొదటి పఠనం చదివేది. గొంతు ఖంగుమనేది. తడబాటన్నది ఎరగదు. ఏం చదివిందో మాత్రం పీఠం దిగేసరికి మరిచిపోయేది. నోరు ప్రవక్తల మాటలు పలుకుతుంటే మనసు మధ్యాహ్నం ఇవ్వాల్సిన కళ్లద్దాల చుట్టూ తిరుగుతుండేది.

మామూలు రోజుల్లో పూజకు వచ్చేవాళ్లు తక్కువ. ఆ వాన ఉదయం మరీ తక్కువ. ఫాదర్ కాక, ఆమె వదిన, రిటైరైన బస్సు డ్రైవరు, అంతే. ఆనాటి పఠనం యెహెజ్కేలు ప్రవక్త చూసిన ఎండిన ఎముకల లోయ. ఎముక ఎముకను వెతుక్కుంటూ కదిలే చోటికి వచ్చేసరికి, కిందటేడు పోయిన అన్నయ్య గుర్తొచ్చాడు. దుకాణం మనసులోంచి జారిపోయింది. గొంతు సన్నబడింది. ఎలాగో ముగించి, "ఇది ప్రభువు వాక్కు" అంది.

"దేవునికి కృతజ్ఞతలు" అన్న జవాబు చర్చి నిండా లేచింది.

ఆడగొంతులు, మగగొంతులు, వణికే ముసలిగొంతులు, చివర్లో ఎవరిదో దగ్గు. తలెత్తి చూస్తే అన్నీ ఖాళీ బెంచీలే. వదిన జపమాల తిప్పుకుంటోంది. డ్రైవరు కునికిపాట్లు పడుతున్నాడు.

పూజ అయ్యాక, ఒకే గొడుగు కింద నడుస్తూ వదినను అడిగింది. జవాబు చెప్పింది తానొక్కతేనని, డ్రైవరు గారు ఎప్పట్లాగే నిద్రలో ఉన్నారని, అంతమంది వినిపిస్తే ఒకసారి చెవులు చూపించుకోమని వదిన నవ్వేసింది.

మర్నాడు ఆమె చెవులు రిక్కించి చదివింది. ఏమీ లేదు. ఆ పై రోజూ లేదు. వినాలన్న ధ్యాసే మరిచి, చదువుతున్న మాటల్లో మునిగిపోయిన ఒకనాడు ఆ జవాబు మళ్లీ వచ్చింది. ఒళ్లు జలదరించినా, ఆ గొంతుల్లో అన్నయ్య గొంతు కోసం వెతికింది. పోల్చుకోలేకపోయింది.

ఆ రోజే వెనక గదిలోకి వెళ్లి ఫాదర్‌కి అంతా చెప్పింది. ఆయన నవ్వలేదు. పూజ వస్త్రాలు మడతపెడుతూ, "పరలోకంలో ఉన్నవాళ్లందరితో కలిసి పాడుతున్నామని పూజలో రోజూ అంటాం కదమ్మా. ఊరికే అంటున్నామనుకున్నావా?" అన్నాడు.

మీకూ వినిపిస్తుందా అని అడిగింది. ఆయన బీరువాకు తాళం వేశాడు.

"వినిపించేది. వినిపించడం మానేసి చాలా కాలమైంది."

తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

చలి ముదిరాక ఆమెకు జలుబు చేసి గొంతు పూర్తిగా పడిపోయింది. గత్యంతరం లేక వదినను పఠన పీఠం దగ్గరికి పంపింది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివే మనిషి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, తప్పు పోయినచోట మళ్లీ మొదటికొస్తూ, చెమటలు కక్కుతూ చదివింది. వింటున్న ఆమెకు మొదట సిగ్గేసింది. తర్వాత ఆ మాటలు ఎవరో తనతోనే చెబుతున్నట్టు అనిపించి, కదలకుండా కూర్చుంది.

పఠనం ముగిసింది. డ్రైవరు జవాబుగా ఏదో గొణిగాడు. ఆమె పెదవులు మాత్రం కదిపింది. వదిన పీఠం దిగలేదు. బెంచీల వంకే చూస్తూ నిలబడిపోయింది. చాలాసేపటికి వచ్చి పక్కన కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుంది. వదిన చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"వీళ్లంతా ఎప్పుడొచ్చారు?" అంది మెల్లగా.

ఎవరన్నట్టు ఆమె కళ్లతోనే అడిగింది.

"మీ అన్నయ్య వెనకాల నిలబడే ఉన్నారు. కూర్చోడానికి చోటు దొరకలేదేమో."

ఆమెకు తల తిప్పే ధైర్యం చాలలేదు. వెనక్కి చూడకుండానే గోడ వైపుకి జరిగింది. వదినా జరిగింది. కాసేపటికి వదినకు అవతల, బెంచీ చివర, చెక్క బరువుగా కిర్రుమంది.

పీఠం మీద ఫాదర్ తలెత్తాడు. ఆ చప్పుడు సద్దుమణిగేదాకా ఆగి, సువార్త చదవడానికి పుస్తకం తెరిచాడు.